గేదె దూడ పొట్ట కుండలా ఉబ్బిందా? ముందు ఈనిన తేదీ చూడండి

లక్షణం: నెల, నెలన్నర దూడ. పొట్ట కుండలా ఉంటుంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. రోమాలు రేగి ఉంటాయి. బంకమట్టి రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో పారుతుంది. మధ్యలో రెండ్రోజులు గట్టిపడి మళ్లీ మొదలవుతుంది.

ఎవరడిగినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: రెండో వారంలో నట్టల (కడుపులో పాముల) మందు పట్టారా? "ఇంకా గడ్డే ముట్టలేదు, నట్టలెక్కడివండీ" అంటారు. పాలు ఎక్కువై పారుతోందనుకుని పాలు తగ్గిస్తారు. దూడకున్న కాస్త బలమూ పోతుంది.

కారణం: ఏలిక పాములు, అంటే పేగుల్లో పెరిగే పొడవాటి పురుగులు. శాస్త్రంలో టాక్సోకారా విటులోరం. పెరిగితే 30 సెం.మీ. దాకా ఉంటాయి. ఇవి దూడకు తల్లి పాలలోనే వస్తాయి. గేదె ఎప్పుడో మేతతో మింగిన గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు (పిల్ల పురుగులు) దాని కండల్లో, కాలేయంలో నిద్రపోతుంటాయి. ఈనగానే పొదుగులోకి చేరి, మొదటి రెండు మూడు వారాల పాలతో దూడలోకి దిగుతాయి. కొట్టం అద్దంలా ఉంచినా ఆగవు. బేరింగ్ సముద్రంలో ఫర్ సీల్ అనే జంతువు పిల్లలకూ కొంకి పురుగులు ఇలా పాల నుంచే వస్తాయి, మన గేదెల తప్పేం లేదు. చూడి గేదెకు నట్టల మందు పట్టేశాం కదా అనకండి, నిద్రలో ఉన్న లార్వాలను ఆ మందు పెద్దగా తాకదు.

నన్ను ముంచింది మాత్రం పేడ పరీక్ష. పదిహేను రోజుల దూడ పేడ పంపాను. గుడ్లు లేవన్నారు, నిశ్చింతగా కూర్చున్నాను. ఐదో వారంలో దూడ పోయింది. కోసి చూస్తే పేగు నిండా సేమియా కుక్కినట్టు పాములు. పరీక్ష తప్పు కాదు. పాము పెరిగి గుడ్లు పెట్టడానికే మూడు వారాలు పడుతుంది, అంతకుముందు పేడలో ఏం కనిపిస్తుంది? మొదటి డోసుకు రిపోర్టు కోసం ఆగకండి.

పరిష్కారం: 10 నుంచి 14 రోజుల మధ్య మొదటి డోసు. అప్పుడు పడితే పాములు గుడ్లు పెట్టకముందే పోతాయి, కొట్టంలో గుడ్లు రాలవు, తల్లి మళ్లీ మింగదు. నట్టల మందుల్లో పైపరజీన్ పెద్ద పాముల మీద బాగా పనిచేస్తుంది, పిల్ల పాముల మీద అంతగా కాదు. అందుకే అది వాడితే నెల తర్వాతి డోసు అసలు తప్పకూడదు. పిల్ల పాములకు పైరాంటెల్ మెరుగు. ఆరు నెలల దాకా నెలకోసారి పట్టండి. కంటి అంచనాతో పోయకండి, ఛాతీ చుట్టుకొలత టేపుతో బరువు చూసి, సీసా మీది మోతాదు లెక్కేయండి. పాలు మానిపించొద్దు. దూడ కళ్లు లోపలికి పోయి ఉంటే ముందు సెలైన్, తర్వాతే నట్టల మందు.

మొదటి వారంలోనే తెల్లగా పారితే అది ఎక్కువగా బ్యాక్టీరియా పని, వెంటనే డాక్టరు. రక్తం పడితే కాక్సీడియా (పేగులో చేరే సూక్ష్మజీవి) కావచ్చు. ఈ ఉబ్బిన పొట్టను జలగ రోగం (కాలేయంలో జలగలు చేరడం) అంటారు కొందరు, చెరువు గట్టు తొక్కని నెల దూడకు అది రాదు.