బేస్‌బాల్ స్కౌటింగ్ స్వయంబోధిని – 4వ పాఠం: భారీ షాట్లు కొట్టే కాలేజీ అవుట్‌ఫీల్డర్‌ను అంచనా వేయడం

గత పాఠంలో స్కౌట్లు (జట్ల కోసం కొత్త ఆటగాళ్లను వెతికి అంచనా వేసేవాళ్లు) వాడే 20–80 కొలమానాన్ని పరిచయం చేసుకున్నాం. అందులో 50 అంటే మేజర్ లీగ్ (అమెరికాలో అత్యున్నత స్థాయి వృత్తి బేస్‌బాల్) సగటు అని గుర్తుంచుకోండి. ఈసారి ఆ కొలమానాన్ని ఒకే రకం ఆటగాడికి, అంటే బంతిని కంచె దాటించడమే ప్రధాన బలమైన అమెరికా కాలేజీ అవుట్‌ఫీల్డర్‌కు (మైదానం వెనుక భాగంలో ఫీల్డింగ్ చేసేవాడికి), వర్తింపజేద్దాం.

ముందుగా మీ నోట్‌బుక్‌లో బలానికి రెండు గడులు గీయండి. ఒకటి ఆటగాడి శరీరంలో ఉన్న బలానికి, రెండోది మ్యాచ్‌లో అతను నిజంగా వాడుకోగలిగే బలానికి. ఆటకు ముందు జరిగే బ్యాటింగ్ ప్రాక్టీసులో కోచ్ నెమ్మదిగా వేసే బంతులను ఎంత దూరం కొట్టాడన్నది మొదటి గడికి సరిపోతుంది. రెండో గడి మాత్రం గంటకు 90 మైళ్లు దాటిన బంతి, దాని వెంటే పక్కకు జారే స్లైడర్ ఎదురైనప్పుడే నిండుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడమే స్కౌట్ అసలు పని అని నా దృఢమైన అభిప్రాయం.

ఆరన్ జడ్జ్‌ను చూడండి. ఫ్రెస్నో స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడిన ఈ 6 అడుగుల 7 అంగుళాల ఆటగాడు 2012లో కాలేజీ హోమ్ రన్ (బంతిని కంచె దాటించే షాట్) పోటీ గెలిచాడు. మరుసటి ఏడాది సీజన్ మొత్తంలో కొట్టినవి మాత్రం 12 హోమ్ రన్లు. అంత పొడవైన ఆటగాడికి స్ట్రైక్ జోన్ (బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా, బంతి పడితే స్ట్రైక్‌గా లెక్కించే ప్రాంతం) పెద్దదవుతుంది, పొడవాటి చేతులతో లోపలికి వచ్చే బంతిని అందుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి, బలం ఆటలోకి వస్తుందా అన్న సందేహం సహజమే. 2013 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 31 మంది పేర్లు పిలిచిన తరువాతే యాంకీస్ జట్టు అతన్ని తీసుకుంది. 2016లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి 84 అట్-బ్యాట్లలో (బ్యాటింగ్ అవకాశాల్లో) 42 సార్లు స్ట్రైక్ అవుట్ (మూడు స్ట్రైకులు పడి అవుట్) అయినప్పుడు ఆ సందేహం నిజమనిపించింది. కాని 2017లో 52, 2022లో 62 హోమ్ రన్లతో అదే ఆటగాడు దాన్ని తుడిచేశాడు. 2017లోనూ 208 స్ట్రైక్ అవుట్లు ఉన్నాయి సుమా! కనుక స్ట్రైక్ అవుట్ల లెక్క చూసి పేరు కొట్టేయకండి, అవి ఎలాంటి బంతులకు వచ్చాయో రాసుకోండి. జోన్ బయటి స్లైడర్ వెంట పడేవాడు వేరు, జోన్ లోపలి బంతినే తప్పేవాడు వేరు. మొదటివాడికి ఓపిక నేర్పవచ్చు, రెండోవాడి విషయంలో నాకు ఆశ తక్కువ.

కాలేజీ అంకెలను నమ్మే ముందు బ్యాటు సంగతి ఆలోచించాలి. కాలేజీల్లో వాడేవి ఎక్కువగా లోహపు బ్యాట్లు. 2011 నుంచి అమలైన ప్రమాణం వాటి ఎగరగొట్టే గుణాన్ని బాగా తగ్గించినా, పిడికి దగ్గరగా తగిలిన బంతి లోహపు బ్యాటుతో ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య భాగం) వెనుక పడి సింగిల్ (ఒక బేస్ చేర్చే దెబ్బ) అయ్యే అవకాశం ఇంకా ఉంది. అదే బంతికి చెక్క బ్యాటు విరగవచ్చు. అందుకే కాలేజీ కుర్రాళ్లు వేసవిలో చెక్క బ్యాట్లతో ఆడే మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్‌ను స్కౌట్లు వదులుకోరు.

ఎవరి బౌలింగ్‌లో కొట్టాడన్నదీ ముఖ్యమే. కాలేజీ సిరీస్ సాధారణంగా శుక్రవారం మొదలై ఆదివారం ముగుస్తుంది, ప్రతి జట్టూ తన ఉత్తమ పిచర్‌ను (బంతి విసిరేవాణ్ణి) సాధారణంగా శుక్రవారమే దించుతుంది. వారం మధ్యలో బలహీనమైన పిచర్ల మీద కొట్టిన మూడు హోమ్ రన్ల కన్నా, శుక్రవారం రాత్రి రెండు స్ట్రైకులు పడ్డాక బయటి స్లైడర్‌ను వదిలేసిన ఒక్క క్షణం నాకు ఎక్కువ చెబుతుంది.

ఇక పరుగు, చేయి (బంతి విసిరే బలం), ఫీల్డింగ్. బ్యాటుకు బంతి తగిలినప్పటి నుంచి మొదటి బేస్ తొక్కే వరకు స్టాప్‌వాచ్ నొక్కండి: కుడిచేతి వాటానికి సుమారు 4.3 సెకన్లు, ఎడమచేతి వాటానికి 4.2 సెకన్లు కొలమానంలో 50 అంకెతో సమానం. సెంటర్ ఫీల్డ్‌లో నిలబడగలిగితే బ్యాటింగ్‌లో కొంత లోటును జట్లు సహిస్తాయి. పక్కన ఉండే లెఫ్ట్ లేదా రైట్ ఫీల్డ్‌కు జరగాల్సి వస్తే అంతా బ్యాటే మోయాలి.

చివరిగా వయసు. మిసిసిపీ స్టేట్‌కు చెందిన బ్రెంట్ రూకర్ 2017లో 23 హోమ్ రన్లు కొట్టి, ఆగ్నేయ కాన్ఫరెన్స్‌లో (అమెరికా కాలేజీ జట్ల లీగ్) ట్రిపుల్ క్రౌన్ (బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, చేయించిన పరుగులు మూడింటిలోనూ మొదటి స్థానం) సాధించినా డ్రాఫ్ట్‌లో 35వ స్థానంలో వెళ్లాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. తనకన్నా చిన్నవాళ్లపై ఆడుతున్నవాడి అంకెలను కొంత తగ్గించి చూడటం స్కౌటింగ్‌లో న్యాయమే. అయినా మూడు జట్లు మారాక, 2023లో ఓక్లాండ్ తరఫున అతను 30 హోమ్ రన్లు కొట్టాడు. వయసు చూసి అంకె తగ్గించండి, ఆటగాణ్ణి కాదు.

అభ్యాసం: ఒక శుక్రవారం మ్యాచ్ ఎంచుకుని ఒకే అవుట్‌ఫీల్డర్‌ను చూడండి. అతనికి వచ్చిన ప్రతి బంతి రకం, చోటు, అతను స్వింగ్ చేశాడా లేదా, చేస్తే బ్యాటులో ఏ భాగానికి తగిలింది అన్నవి రాసి, ఆ తరువాతే రెండు గడులలో అంకెలు వేయండి.