మన కంప్యూటర్, మన చేతులతో – 4వ పాఠం: ప్రాసెసర్ వేడి

పోయిన పాఠంలో క్యాబినెట్ పక్క రేకు విప్పి, లోపల ఏది ఎక్కడుందో చూశాం. మదర్‌బోర్డు మీద నెత్తిన ఫ్యాను పెట్టుకుని కూర్చున్న అల్యూమినియం దిమ్మె ఉంది కదా, అదే కూలర్. ప్రాసెసర్ దాని కిందే ఉంటుంది.

కూలర్ విప్పే ముందు ప్రాసెసర్ వేడి కొలవాలి. క్యాబినెట్ మీద చెయ్యి పెట్టి ‘అమ్మో, కాలిపోతోంది’ అనుకుంటే కొలిచినట్టు కాదు. విండోస్‌లో ప్రాసెసర్ వేడి చూపించే కోర్ టెంప్ గానీ హెచ్‌డబ్ల్యూమానిటర్ గానీ అనే ప్రోగ్రాం వేసుకోండి. లినక్స్ వాళ్లకు ఎల్ఎం-సెన్సర్స్ ఉంది. మూడు అంకెలు రాసుకోవాలి: మెషీన్ ఊరికే ఉన్నప్పుడు ఎంత, గేమో వీడియో ఎడిటింగో అరగంట నడిచాక ఎంత, ఆ సమయానికి గదిలో ఎంత. మూడోదాన్ని ఎవరూ రాసుకోరు. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

ఎందుకంటే ఫ్యాను గదిలో గాలినే వాడుకుంటుంది, కొత్తగా చల్లదనం పుట్టించదు. గది 28 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 68 చూపిస్తే తేడా 40. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గది 42కి చేరితే, అదే పనికి అదే కూలర్ 82 దగ్గర చూపిస్తుంది. మెషీన్‌కి ఏ జబ్బూ లేదు, అది ఎండల మహిమ. తేడా 40 నుంచి 55కి పెరిగితే మాత్రం లోపల ఏదో అయిందన్నమాట. ఎండాకాలం రాగానే కొత్త కూలర్ కొనడానికి పరిగెత్తేవాళ్లు ముందు ఈ తీసివేత లెక్క చేసుకుంటే చాలావరకు డబ్బు మిగులుతుంది.

మరి హద్దు ఎంత? ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి 100 డిగ్రీలు. ఏఎండీ వాళ్ల రైజెన్ 7 5800ఎక్స్‌కి 90, రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95. ఈ 7000 వరుస బరువైన పనిలో 95 దాకా వెళ్లడం తాము కావాలని పెట్టిందేనని ఏఎండీయే చెప్పింది. హద్దు తగిలితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అయినా చల్లబడకపోతే మెషీన్ ఆగిపోతుంది. కాబట్టి మాడిపోతుందన్న భయం అక్కర్లేదు, పోయేది వేగమే. ఏ పనీ లేకుండానే 70 చూపిస్తుంటే ముందు టాస్క్ మేనేజర్ తెరవండి. యాంటీవైరస్ స్కానో, వదిలేసిన బ్రౌజర్ ట్యాబో దొరకొచ్చు.

ఇప్పుడు చిన్న పరీక్ష. పక్క రేకు తీసేసి అదే అరగంట పని మళ్లీ చేయించండి. వేడి బాగా తగ్గితే తప్పు కూలర్‌ది కాదు, గాలి ఆడకపోవడమే. కంప్యూటర్ టేబుల్ అరలో మూడు వైపులా చెక్క మధ్య ఇరికించిన క్యాబినెట్లకు ఇది మామూలే. బయటికి తీసి, గోడకు జానెడు ఎడం ఉంచండి.

తగ్గకపోతే దుమ్ము సంగతి చూడాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. ఫ్యాను కిందా కూలర్ రేకుల మధ్యా గుడ్డలా పేరుకున్న దుమ్మును మెత్తటి బ్రష్‌తో, బ్లోయర్‌తో తీయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి, అది గిర్రున తిరగకూడదు. నోటితో ఊదకండి, తుంపర్లు బోర్డు మీద పడతాయి.

అదీ చేశాక తేడా అలాగే ఉంటే అప్పుడు పేస్టు మార్చాలి. కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్టు ఏళ్లు గడిస్తే ఎండిపోతుంది. ఇక్కడ తొందరపడొద్దు. ముందు మెషీన్‌ని పది నిమిషాలు పని చేయించి వేడెక్కనివ్వండి, పేస్టు కాస్త మెత్తబడుతుంది. తర్వాత కరెంటు తీసేసి, బిగింపులు వదులు చేసి, కూలర్‌ని అటూ ఇటూ కొంచెం తిప్పుతూ లేపండి. ఏఎం4 బోర్డుల్లో (రైజెన్ 5000 వరుస దాకా రైజెన్‌లు కూర్చునే మదర్‌బోర్డులు) ప్రాసెసర్‌ని పైనుంచి పట్టి ఉంచే చట్రం లేదు. బలంగా పైకి లాగితే కూలర్‌తోపాటు అదీ ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కి నాలుగు మూలలా నొక్కుడు పిన్నులుంటాయి. వాటిని బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగాలి.

పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, నూగు రాలని గుడ్డతో రెండు వైపులా తుడవండి. కొత్తది మధ్యలో బఠాణీ గింజంత చాలు. లోహం మీద కంటికి కనపడని గుంటల్ని పూడ్చడమే దాని పని, మందంగా పూస్తే వేడికి అడ్డమే. కొత్త కూలరైతే అడుగున ప్లాస్టిక్ పొర ఉందేమో చూసి పీకేయండి. బిగించేటప్పుడు ఎదురెదురు మూలల్ని కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. ఫ్యాను వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ (సీపీయూ అంటే ప్రాసెసరే) అని రాసి ఉన్న చోటే గుచ్చాలి.

ఇంటి పని: ఆ మూడు అంకెలూ మళ్లీ తీసి, పాతవాటి పక్కన రాయండి. తేడా తగ్గకపోతే మరింత పేస్టు పూయకండి, కూలర్ నాలుగు మూలలా సమంగా కూర్చుందో లేదో చూడండి. క్యాబినెట్ ఫ్యాన్లలో ఏది గాలిని లోపలికి లాగాలి, ఏది బయటికి తోయాలి అన్నది 5వ పాఠంలో.