ఐఆర్‌సి: మొదలుపెట్టడం, మొరాయిస్తే దారిలో పెట్టడం

మెళియాపుట్టి, పాతపట్నం వైపు కొండ ఊళ్లలో ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్ ఉన్నచోట వీడియో కాల్ కలవదు, ఫొటో మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఐఆర్‌సి (ఇంటర్నెట్ రిలే చాట్) మాత్రం అక్కడా మాట పంపుతుంది. ఎందుకంటే ఒక్కో సందేశం 512 బైట్లు దాటదు. 1988 ఆగస్టులో ఫిన్లండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ రాసిన చాట్ ఇది. 1993 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 1459 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోని నియమాలే ఇప్పటికీ దీనికి పునాది. మన నెట్ సెంటర్లలో అందరూ వాడిన యాహూ మెసెంజర్‌ను 2018 జులై 17న కంపెనీ మూసేసింది, దాంతో కథ ముగిసింది. ఐఆర్‌సికి అలా ఒక యజమాని లేడు. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సి నెట్‌వర్క్‌ని నడిపే వాలంటీర్లు బయటికొచ్చి లిబెరా చాట్ పెట్టుకుంటే, వాడేవాళ్లు సర్వర్ పేరు మార్చుకుని అదే ప్రోగ్రాంతో కొనసాగారు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీలోనో చదువుతూ లినక్స్, పైథాన్ లాంటివి నేర్చుకునేవాళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు నేరుగా దొరికే చోటు ఇది. నేర్చుకుని తీరాలని మా అభిప్రాయం.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో ఆదేశాలన్నీ చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. కంప్యూటర్లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. కీబోర్డు తెలుగులో ఉండగా /జాయిన్ అని కొడితే సర్వర్ 421 అనే లోపం అంకె పంపుతుంది, అంటే అలాంటి ఆదేశం తనకు తెలియదని.

మొదటిసారి కలవడం

ఏమీ ఎక్కించకుండా చూడాలనుకుంటే బ్రౌజర్లో వెబ్ డాట్ లిబెరా డాట్ చాట్ తెరవండి. రోజూ వాడేట్టయితే విండోస్‌లో ఎంఐఆర్‌సి, లినక్స్‌లో హెక్స్‌చాట్ తీసుకోండి. ఎంఐఆర్‌సి 1995 నుంచీ ఉంది. 30 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత కొనుక్కోవాలి. హెక్స్‌చాట్‌కి 2024 ఫిబ్రవరిలో వచ్చిన 2.16.2 ఆఖరి వెర్షన్. కొత్తవి రాకపోయినా అది చక్కగా పనిచేస్తోంది, పూర్తిగా ఉచితం. కింద చెప్పేదంతా దాన్ని ఎదురుగా పెట్టుకుని చెబుతున్నాం.

తెరవగానే నెట్‌వర్క్ లిస్ట్ వస్తుంది. రాకపోతే కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి. పైన నిక్ (చాట్‌లో మీరు పెట్టుకునే పేరు) కోసం మూడు గడులుంటాయి. మూడూ నింపండి, మొదటిది ఎవరైనా తీసుకుని ఉంటే రెండోది పట్టుకుంటుంది. లిబెరాలో నిక్ 16 అక్షరాలు దాటకూడదు. అంకెతో గానీ అడ్డగీతతో గానీ మొదలవకూడదు, మొదలైతే 432 వస్తుంది. తెలుగు అక్షరాల నిక్ కుదరదు. దాని కిందున్న యూజర్ నేమ్ గడిని చాలామంది వదిలేస్తారు. హెక్స్‌చాట్ అక్కడ మీ కంప్యూటర్ లాగిన్ పేరు పెట్టేస్తుంది, అది అందరికీ కనిపిస్తుంది. మార్చేయండి.

జాబితాలో లిబెరా చాట్ ఎంచుకుని ఎడిట్ నొక్కండి. సర్వర్ ఐఆర్‌సి డాట్ లిబెరా డాట్ చాట్, పోర్టు 6697. ఎస్‌ఎస్‌ఎల్ (మధ్యలో ఎవరూ చదవకుండా మాటల్ని గుప్తంగా పంపే పద్ధతి) వాడమన్న గడిలో టిక్ ఉండాలి. చెల్లని సర్టిఫికెట్లను (సర్వర్ అసలుదేనని చూపే డిజిటల్ పత్రాలు) ఒప్పుకోమన్న గడిలో ఉండకూడదు. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8. ఇక కనెక్ట్ నొక్కండి. వరసలు గబగబా వస్తాయి. వాటిలో ఐడెంట్ (మీరెవరో సర్వర్ అడిగే పాత పద్ధతి) జవాబు రాలేదని ఒక వరస కనిపిస్తే కంగారు పడొద్దు. సర్వర్ మీ 113 పోర్టు తట్టి చూసింది, ఇంటి రౌటర్ల వెనక అది తెరిచి ఉండదు, అంతే.

కలిశాక /జాయిన్ #లిబెరా కొట్టండి. అది సహాయం చేసే చానల్, అంటే అందరూ కలిసి మాట్లాడుకునే గది. ఒకరితో విడిగా మాట్లాడాలంటే /క్వెరీ తర్వాత వాళ్ల నిక్. చానల్ వదలడానికి /పార్ట్, మొత్తంగా వెళ్లిపోవడానికి /క్విట్. డెబియన్ అనే లినక్స్ రకం తయారుచేసేవాళ్లు మాత్రం ఓఎఫ్‌టీసీ అనే వేరే నెట్‌వర్క్‌లో ఉంటారు. ఐఆర్‌సి డాట్ ఓఎఫ్‌టీసీ డాట్ నెట్, అక్కడా పోర్టు 6697.

నిక్ నమోదు

మొదటి రోజే చేయండి. కొన్ని చానళ్లు నమోదు కానివాళ్లను 477 చూపించి వెనక్కి పంపుతాయి. కొన్ని చిరునామాల నుంచి వచ్చేవాళ్లను సర్వర్ అసలు లోపలికే రానివ్వదు, ఎస్‌ఏఎస్‌ఎల్‌తో, అంటే కలిసేటప్పుడే పాస్‌వర్డ్ చూపించి రమ్మంటుంది. మొబైల్ డేటాలో వందల మంది ఒకే ఐపీ చిరునామా వెనక ఉంటారు. వాళ్లలో ఎవరో ఒకరు అల్లరి చేసినా ఆ వేటు మీ మీదా పడుతుంది. నమోదై ఉంటే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

నిక్ నమోదులు చూసే సేవ పేరు నిక్‌సెర్వ్. /ఎంఎస్‌జి నిక్‌సెర్వ్ రిజిస్టర్, తర్వాత పాస్‌వర్డ్, తర్వాత మెయిల్ చిరునామా కొట్టండి. మెయిల్‌కి వచ్చిన ధ్రువీకరణ ఆదేశాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి చాట్‌లో అతికించండి. ఒక రోజులోపు చేయాలి. మెయిల్ కనిపించకపోతే స్పామ్‌లో చూడండి. తర్వాత నెట్‌వర్క్ ఎడిట్‌లో లాగిన్ మెథడ్ దగ్గర ఎస్‌ఏఎస్‌ఎల్ ఎంచుకుని పాస్‌వర్డ్, యూజర్ నేమ్ గడిలో నమోదైన నిక్ పెడితే ఇకపై తనంతట తనే లాగిన్ అవుతుంది.

పాస్‌వర్డ్ ఉన్న ఆదేశం ఎప్పుడూ సర్వర్ పేరున్న విండోలోనే కొట్టండి, చానల్లో వద్దు. స్లాష్ ముందు ఒక్క ఖాళీ పడినా అది ఆదేశం కాకుండా మామూలు మాటై పాస్‌వర్డుతో సహా అందరికీ వెళ్లిపోతుంది. ఐఆర్‌సిలో పంపిన మాటని వెనక్కి తీసుకునే దారి లేదు. అలా జరిగితే వెంటనే /ఎంఎస్‌జి నిక్‌సెర్వ్ సెట్ పాస్‌వర్డ్ అని కొట్టి కొత్తది పెట్టండి.

తెలుగులో రాయడం

ఎంఐఆర్‌సి అయితే 7 లేదా ఆపై వెర్షన్ ఉండాలి. 6 నాటి పాతవాటికి యూనికోడ్ సరిగ్గా రాదు. హెక్స్‌చాట్‌లో ప్రిఫరెన్సెస్, అప్పియరెన్స్‌లోకి వెళ్లి ఫాంటు నోటో సాన్స్ తెలుగుకో లోహిత్ తెలుగుకో మార్చండి, 12 సైజు కళ్లకు హాయిగా ఉంటుంది. నల్ల తెర టెర్మినల్లో నడిచే ఇర్సి, వీచాట్‌లలో ఒత్తులు విడిపోయి గజిబిజిగా కనిపిస్తే తప్పు వాటిది కాదు, టెర్మినల్‌ది.

ఎక్కువమందికి అంతుపట్టనిది పొడుగు వాక్యం మధ్యలో తెగిపోవడం. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకు మూడు కావాలి. పైగా గుణింతం, ఒత్తు, సున్నా దేనికదే విడిగా లెక్క. శ్రీకాకుళం అన్న మాటే తీసుకోండి: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. మొత్తం పది, అంటే 30 బైట్లు. అదే పేరు ఇంగ్లీషులో పది అక్షరాలు, 10 బైట్లు. 512లో మీ నిక్, చిరునామా, చానల్ పేరు కూడా ఇమడాలి కాబట్టి మాటకు సుమారు 420 మిగులుతాయి. శ్రీకాకుళం అని ఖాళీతో కలిపి పదమూడు సార్లు రాస్తే వరస నిండిపోతుంది. మంచి ప్రోగ్రాములు మిగిలినదాన్ని రెండో వరసగా పంపుతాయి. కొన్ని అక్షరం మధ్యలోనే కోసేస్తాయి, అప్పుడు చివర ప్రశ్నార్థకమో గడో కనిపిస్తుంది. మందు ఒక్కటే: పది పన్నెండు మాటల లోపు రాసి ఎంటర్ కొట్టండి.

ఇంగ్లీషు చానల్లో తెలుగు రాయొద్దు. మన జట్టుకు వేరే చానల్ తెరుచుకోవడం తేలిక. లిబెరాలో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులవి కాని చానళ్ల పేరు ముందు రెండు హాష్ గుర్తులుండాలి. మొదట చేరినవారికే అధికారం వస్తుంది. /ఎంఎస్‌జి చాన్‌సెర్వ్ రిజిస్టర్, పక్కన చానల్ పేరు కొట్టి నమోదు చేయకపోతే, అందరూ బయటికెళ్లగానే చానల్ మాయమైపోతుంది.

మొరాయించినప్పుడు

ఊహించడం మాని సర్వర్ విండో చదవండి. ఏం జరిగిందో అందులో రాసే ఉంటుంది. అంకె కావాలంటే విండో మెనూలో రా లాగ్ తెరవండి.

అసలు కలవకపోతే ముందు ఫోన్ హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి. దాని మీద కలిసి కాలేజీ వైఫై మీద కలవకపోతే అక్కడి ఫైర్‌వాల్ 6697ని ఆపుతోందన్నమాట. 7000, 7070 పోర్టులు చూడండి. అవీ కుదరకపోతే వెబ్ పేజీయే గతి. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే అవతలి యంత్రం దాకా వెళ్లారు గానీ ఆ పోర్టు మూసి ఉంది, అంకె తప్పు కొట్టారేమో చూడండి. టైమ్డ్ అవుట్ అంటే జవాబే లేదు, మధ్యలో ఎవరో మింగేస్తున్నారు.

సర్టిఫికెట్ చెల్లదంటే వెంటనే చెల్లనివాటిని ఒప్పుకోమన్న గడిలో టిక్ పెట్టేయకండి, ముందు గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు గనక చెల్లదంటుంది. బిళ్ల మార్చి తేదీ సరిచేయండి.

433 అంటే నిక్ వాడుకలో ఉంది. చాలాసార్లు ఆ వాడుతున్నది మీరే! సిగ్నల్ పోయిన సంగతి సర్వర్‌కి వెంటనే తెలియదు. అది పింగ్ (ఉన్నారా అన్న పలకరింపు) పంపి, పాంగ్ (దానికి జవాబు) రాక, కొన్ని నిమిషాల తర్వాత గానీ మీ పాత కనెక్షన్‌ని తీసేయదు. ఆగలేకపోతే లాగిన్ అయ్యి /ఎంఎస్‌జి నిక్‌సెర్వ్ రీగెయిన్, పక్కన మీ నిక్ కొట్టండి. ఎవరూ లేకపోయినా 433 వస్తుంటే నిక్‌లో బ్రాకెట్లున్నాయేమో చూడండి. ఫిన్లండ్ కీబోర్డులో పలక బ్రాకెట్ ఉన్న కోడు పెద్దక్షరానికి, మీసాల బ్రాకెట్ ఉన్న కోడు దాని చిన్నక్షరానికి వాడేవారు. ఐఆర్‌సికి ఇప్పటికీ ఆ రెండూ ఒకటే.

చానల్లోకి రానివ్వకపోతే: 471 చానల్ నిండింది, 473 పిలిస్తేనే రావాలి, 474 నిషేధం, 475 తాళం మాట తప్పు. చేరారు గానీ మాట వెళ్లడం లేదంటే 404, అంటే మాట్లాడే అనుమతి లేదు. ఒక్కసారిగా బోలెడు మంది వెళ్లిపోయినట్టు కనిపిస్తే అది నెట్‌స్ప్లిట్, రెండు సర్వర్ల మధ్య లంకె తెగింది. ఏమీ చేయొద్దు, కాసేపట్లో అందరూ తిరిగొస్తారు. ఎక్సెస్ ఫ్లడ్ అని మిమ్మల్నే బయటికి తోస్తే పెద్ద ప్రోగ్రాం మొత్తం అతికించారన్నమాట. మూడు వరసలు దాటితే పేస్ట్ సైటులో (పొడుగు పాఠం అతికించి ఉంచే వెబ్ పేజీ) పెట్టి లంకె ఇవ్వండి.

ప్రశ్నకు జవాబు రాకపోవడం లోపం కాదు. అడగొచ్చా అని అడక్కుండా నేరుగా ప్రశ్న రాసి, వెళ్లిపోకుండా ఉండండి. గంటల తర్వాత కూడా జవాబు రావచ్చు. మనకు సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా మంచి సమయం, అప్పుడు యూరప్‌లో మధ్యాహ్నం, అమెరికాలో ఉదయం.

అంతసేపు లాప్‌టాప్ తెరిచి ఉంచలేనివాళ్లకు జెడ్‌ఎన్‌సి ఉంది. ఇంట్లో ఎప్పుడూ నడిచే పాత కంప్యూటర్లోనో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లోనో ఎక్కిస్తే మీ బదులు అదే చానల్లో కూర్చుని, మీరు రాగానే చానల్‌కు చివరి 50 వరసలు చూపిస్తుంది. ఆ అంకె పెంచుకోవచ్చు. ఆ యంత్రంతో పాటు రౌటర్ కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తెగుతుంది. దానికి కలిసేటప్పుడు 464 వస్తే పాస్‌వర్డ్ గడిలో పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టి ఉంటారు. అక్కడ జెడ్‌ఎన్‌సి వాడుకరి పేరు, స్లాష్, నెట్‌వర్క్ పేరు, కోలన్, పాస్‌వర్డ్ అన్నీ ఖాళీ లేకుండా ఒకే వరసలో ఉండాలి.