ఫిలిప్పినో పెళ్లిలో ముందు మనుషులు, తర్వాతే వస్తువులు

ఫిలిప్పీన్స్ అమ్మాయినో అబ్బాయినో చేసుకోబోతూ, వాళ్ల ఆచారాలు కూడా పెళ్లిలో ఉండాలనుకునేవాళ్లు చాలామంది ముందు ఆన్‌లైన్‌లో ఆ తంతులో వాడే నాణేలు, తాడు, ముసుగు వెతకడం మొదలుపెడతారు. వాటికి తొందరేం లేదు. అక్కడి పెళ్లిలో ప్రతి వస్తువూ పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటారు, వాళ్ల పేర్లు శుభలేఖలో అచ్చవుతాయి, కాబట్టి ముందు తేల్చాల్సింది ఎవరికి ఏ బాధ్యత అన్నదే.

దానికి సరైన చోటు పమమన్హికన్. అబ్బాయి తన పెద్దవాళ్లతో, తినుబండారాలతో అమ్మాయి ఇంటికి వెళ్లి అంగీకారం అడగడం అన్నమాట. తేదీ, ఖర్చు, అతిథులు అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. లోపలికి వెళ్లగానే పెద్దవాళ్ల చేయి అందుకుని మీ నుదుటికి ఆనించుకోండి. దాన్ని మానో అంటారు, మనం కాళ్లకు దండం పెట్టినట్టే. అదే ఏడాది వాళ్లింట్లో ఇంకో తోబుట్టువు పెళ్లి ఉందేమో కూడా కనుక్కోండి. ఒకే ఏడాది రెండు పెళ్లిళ్లు అరిష్టమని నమ్మేవాళ్లు ఉన్నారు, దాన్నే సుకోబ్ అంటారు. మీకు నమ్మకం లేకపోయినా వాళ్ల అమ్మమ్మతో వాదనకు దిగొద్దు.

అసలు తలనొప్పి నినోంగ్, నినాంగ్‌ల ఎంపిక. వీళ్లు పెళ్లికి పెద్దలు, సాక్షులు. చట్టం అడిగేది ఇద్దరు మేజర్ సాక్షులనే, కానీ మొహమాటాలతో లిస్టు జంటల మీద జంటలుగా పెరిగిపోతుంది, ఊరి మేయర్ దగ్గర్నుంచి ఆఫీసు బాస్ దాకా. నన్నడిగితే, రేపు మీ ఇద్దరికీ గొడవైతే ఫోన్ చేయగలిగినవాళ్లనే పెట్టుకోండి. మెసేజ్ పెట్టి ఊరుకోకుండా స్వయంగా వెళ్లి అడగండి. వాళ్లు కానుక గట్టిగానే ఇవ్వాలని అందరూ అనుకుంటారు కాబట్టి, పెద్దగా పరిచయం లేనివాళ్లని అడిగితే డబ్బు కోసం అడిగినట్టుంటుంది.

కొవ్వొత్తులు, ముసుగు, తాడు చూసుకునే బాధ్యత మాత్రం అన్నదమ్ములకి, కజిన్లకి, స్నేహితులకి జంటలుగా అప్పగిస్తారు. పెళ్లికొడుకు అర్రాస్ అనే 13 నాణేలు పెళ్లికూతురి చేతుల్లో పోస్తాడు, ఇప్పుడు ఇద్దరూ ఇచ్చిపుచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ముసుగుని ఆమె తల మీదుగా అతని భుజం దాకా కప్పి పిన్నులు పెడతారు, ఆపైన యుగల్ అనే తాడుని ఎనిమిది అంకె ఆకారంలో ఇద్దరికీ వేస్తారు. పిన్నులు ఎక్స్‌ట్రా ఉంచుకోండి, కొవ్వొత్తి దగ్గరకి ముసుగు రానివ్వకండి. వరుస చర్చిని బట్టి మారుతుంది, రిహార్సల్‌లో ఫాదర్‌నే అడగండి.

బట్టల్లో అబ్బాయికి బారోంగ్ తగాలోగ్ అనే చొక్కా. పల్చగా ఉంటుంది కాబట్టి లోపల తెల్ల బనియన్ తప్పనిసరి, ప్యాంటులోకి మాత్రం దోపకూడదు. అనాస ఆకు నారతో నేసే పీన్యా బట్ట ఖరీదెక్కువ; ఫిలిప్పీన్స్‌లోని అక్లాన్‌లో చేసే ఆ నేతకి 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రిసెప్షన్‌లో బట్టలకి నోట్లు గుచ్చే మనీ డ్యాన్స్ ఉంటుంది, ఇబ్బందిగా అనిపిస్తే మానేయొచ్చు.

పెళ్లి అక్కడే చేసుకుంటే కాగితాలు ముందే మొదలుపెట్టండి. విదేశీయులు తమ ఎంబసీ నుంచి పెళ్లికి చట్టపరమైన అడ్డంకి లేదన్న పత్రం తేవాలి. అప్లికేషన్ పెట్టాక 10 రోజులు నోటీసు బోర్డులో ఉంచి గానీ లైసెన్స్ ఇవ్వరు, ఇచ్చిన లైసెన్స్ 120 రోజులే చెల్లుతుంది. క్యాథలిక్ చర్చిలో చేసుకుంటూ మీరు క్రైస్తవులు కాకపోతే బిషప్ అనుమతి కూడా కావాలి, హాలుకి అడ్వాన్స్ కట్టే ముందే ఆ సంగతి చర్చి ఆఫీసులో మాట్లాడుకోండి.