జపాన్ వెళ్లాక జపనీస్ నోటికి రావాలంటే

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు నుంచి చదువుకో పనికో జపాన్ వెళ్లే పిల్లల్లో చాలామంది, అక్కడుంటే భాష దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు. రాదు. గదిలో నలుగురూ తెలుగువాళ్లే, పనేమో రాత్రి షిఫ్టులో ప్యాకింగు, ఫోన్లో మన వీడియోలే అయితే రెండేళ్లున్నా పలకరింపుల దగ్గరే ఆగిపోతారు. రోజులో జపనీస్ తప్పనిసరయ్యే గంటలు ఎన్నో చూసుకుని, వాటిని పెంచుకోవాలి.

ఊళ్లో ఉండగానే చేయాల్సినవి

హిరగానా, కతకానా మూలాక్షరాలు చెరో 46. రోజుకు పది చొప్పున చేత్తో రాస్తే పది రోజుల పని. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన జపనీస్ జోలికి పోకండి. ఆ స్పెల్లింగు చూస్తే మన నోటికి ‘టబెమాసు’ అని వస్తుంది. జపనీస్ ధ్వనులు మన త, దలకు దగ్గర. ట, డలు కావు. పలకాల్సింది ‘తబెమస్’, చివరి ఉకారం దాదాపు వినపడదు. మొదటి వారం తెలుగు లిపిలో రాసుకోవడమే మేలు. ‘ఒబసన్’ అంటే పిన్ని వయసు ఆవిడ, ‘ఒబాసన్’ అంటే మామ్మ. ‘కితె’ వేరు, ‘కిత్తె’ వేరు. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మన లిపిలో ఉన్నదున్నట్టు కనిపిస్తాయి. కానా, అంటే ఆ రెండు లిపులూ, రాగానే తెలుగు లిపి కూడా వదిలేయండి.

వ్యాకరణాన్ని ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా తెలుగులోంచి పట్టుకోండి. ‘తబెతె మిమస్’ అంటే అచ్చంగా ‘తిని చూస్తాను’. ‘కినో కత్త హొన్’ అంటే ‘నిన్న కొన్న పుస్తకం’. మనం ‘అని’ పెట్టేచోట వాళ్లు ‘తొ’ పెడతారు. ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకు పేజీలు వివరించే వాక్యాలు మనకు ఒక్క ఉదాహరణతో అర్థమైపోతాయి.

2019 ఏప్రిల్‌లో మొదలైన ‘తొకుతేయ్ గినో’ (నైపుణ్యం ఉన్న పనివాళ్లకిచ్చే) పని వీసాకు జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి గాని, జేఎఫ్‌టీ-బేసిక్ అనే మరో భాషా పరీక్ష గాని ఉండాలి. చదువుకు వెళ్లేవాళ్లూ ఎన్4 స్థాయితో దిగడం మంచిది. ఏమీ రాకుండా దిగితే చుట్టూ వినపడేదంతా వట్టి రొదే.

దిగాక

ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులోనో సిటీ ఆఫీసులోనో చిరునామా నమోదు చేయించాలి. అదే కౌంటర్లో ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో చెప్పే చెత్త క్యాలెండరు తీసుకోండి, వలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులు ఎక్కడున్నాయో అడగండి. చాలాచోట్ల వాటికి ఫీజు ఉండదు, ఉన్నా నామమాత్రమే. చెత్త క్యాలెండరే మీ మొదటి వాచకం. వారాల పేర్లు, ‘మొఎరు గొమి’ అంటే కాల్చే చెత్త, సీసాలు, డబ్బాలు అన్నీ అందులో ఉంటాయి. తప్పు రోజున పెట్టిన సంచి చాలా ఊళ్లలో స్టిక్కరుతో అక్కడే మిగిలిపోతుంది.

కొంబినీ అనే చిన్న దుకాణాలు వీధి వీధినా ఉంటాయి. ఒకే దుకాణానికి రోజూ ఒకే వేళకు వెళ్లండి, మనిషి ఉన్న కౌంటరుకే వెళ్లండి. ప్రశ్నలు అవే వస్తాయి. ‘ఫుకురొ ఇరిమస్ క?’ అంటే సంచి కావాలా అని. 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకుంటున్నారు. ‘అతతమెమస్ క?’ అంటే తిండి వేడి చేయాలా అని. కావాలంటే ‘ఒనెగయ్‌షిమస్’, వద్దంటే ‘దైజోబు దెస్’. అర్థం కాకుండా ‘హై’ అని తలూపితే ఆ రోజు నేర్చుకునేది పోయినట్టే. ‘మో ఇచిదొ ఒనెగయ్‌షిమస్’ అని మళ్లీ చెప్పించుకోండి. బయటికి రాగానే విన్న ముక్క ఫోన్లో రాసి, రాత్రికి అర్థం వెతికి, మాటలు కార్డుల్లా తిరగేయించే ఆంకీ యాప్‌లో కార్డు చేయండి. రోజుకు కొత్త కార్డులు పది దాటకూడదు. ఉత్సాహంగా ముప్పై పెడితే కొన్ని వారాల్లో తిరగేయాల్సినవి వందలకు చేరతాయి, అక్కడే చాలామంది మానేస్తారు.

విద్యార్థి వీసా మీద, అనుమతి తీసుకున్నాక, వారానికి 28 గంటల వరకే పని చేయొచ్చు. ఆ గంటలు ఎక్కడ పెడతారన్నదే భాషను తేల్చేస్తుంది. రాత్రి ఫ్యాక్టరీలో జీతం కాస్త ఎక్కువే, కానీ మాటలుండవు. హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలైనా సరే, ఆర్డర్లు తీసుకునే వైపు జరగడానికి చూడండి.

వినికిడి, ఉచ్చారణ రెండింటికీ షాడోయింగ్ లాంటిది లేదు. ఒక నిమిషం ఆడియో, అందులోని మాటలు రాసి ఉన్న పాఠం తీసుకోండి. పాఠం చూడకుండా మూడుసార్లు వినండి, తర్వాత పాఠం చూస్తూ ఒకసారి. ఆపైన ఆడియోకు అర క్షణం వెనకగా గొంతెత్తి పలకండి. ఫోన్లో రికార్డు చేసి దీర్ఘాలు పోల్చుకోండి. ఒకే నిమిషాన్ని వారమంతా చేయండి. రోజుకో కొత్తది పట్టుకుంటే నాలుక తిరగదు.

మర్యాద విషయంలో గోదావరి పిల్లలకు సగం పని అయిపోయినట్టే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో మనం ‘ఆయ్’ అంటామే, అచ్చం అలాగే అక్కడ ‘హై’ అంటారు; వింటున్నానండి అని, ఒప్పుకున్నానని కాదు. ‘మీరు’కి బదులు మాత్రం ‘అనత’ వాడకండి, ఎదుటివాళ్లకు కటువుగా తగులుతుంది. పేరుకు ‘సన్’ చేర్చి పిలవాలి. కార్టూన్లలో విన్న ‘ఒరె’, ‘ఒమయె’ పనిచోట అసలే వద్దు.

ఇంటికి ఫోన్ మానక్కర్లేదు, వేళ కట్టుకోండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఇక్కడ సాయంత్రం ఐదున్నర. అమ్మానాన్నా తీరిగ్గా దొరుకుతారు, మీ పగలంతా జపనీస్‌కే మిగులుతుంది.

జేఎల్‌పీటీ జపాన్‌లో జులై, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. దరఖాస్తు గడువు నెలల ముందే ముగుస్తుంది. అందులో మాట్లాడే భాగం లేదు కాబట్టి, ఎన్4కు పైమెట్టయిన ఎన్3 వచ్చినా ఇంటర్వ్యూలో నోరు పెగలనివాళ్లు ఉంటారు. పరీక్షకు చదివే నెలల్లో కూడా షాడోయింగ్ రోజూ పావుగంట ఆపకండి.