వలస కూలీల పిల్లలను బడిలో చేర్పించడం ఎలా?

ఇటుక బట్టీలకు వలస వచ్చిన కుటుంబాలతో మాట్లాడదలచినవారు పని ముగిసి పొయ్యి వెలిగించే వేళకు వెళ్లడం మంచిది. పదేళ్ల పిల్ల బడికి పోతే చిన్నవాణ్ణి ఎవరు చూస్తారన్నదే ఆ తల్లి అసలు ప్రశ్న కాబట్టి, మూడేళ్లు నిండిన తమ్ముణ్ణి అంగన్‌వాడీలో చేర్చే ఏర్పాటు ముందే చూసుకుని వెళ్తే సగం పని అయినట్లే.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. వయసు ధ్రువపత్రం లేదనో, టీసీ ఆలస్యమైందనో, విద్యా సంవత్సరం మధ్యలో వచ్చారనో ప్రవేశం నిరాకరించకూడదు. అయినా నోటిమాటతో సరిపెట్టుకోకుండా, దరఖాస్తును రెండు ప్రతులు రాసి, ఒకదానిపై ప్రధానోపాధ్యాయుని సంతకం, తేదీ తీసుకోవాలి.

పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. వానలకు ముందు బట్టీ మూసేలోగా టీసీ అడిగి తీసుకుని, ఊరికి తిరిగి వెళ్లే మూటలో పెట్టించాలి.