పాత ఆస్‌బెస్టాస్ విరిగితే చీపురు ముట్టుకోకండి

పాత ఇంటి ఆస్‌బెస్టాస్ పైకప్పు రేకులను ఇద్దరు మనుషులు గ్రైండర్‌తో కోస్తున్న వీడియో ఒకటి ఈమధ్య చేతులు మారుతూ నా దాకా వచ్చింది. తెల్లటి పొడి వాకిలంతా కమ్ముకుంది. చూసినవాళ్లంతా ఆ గ్రైండర్‌ను తిట్టిపోశారు. తిట్టాల్సిందే. అయితే వీడియో చివర్లో, పని ముగిశాక, ఒకావిడ చీపురు తెచ్చి ఆ పొడినంతా మూలకు ఊడ్చి చేటలోకి ఎత్తింది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా, ఎంత శుభ్రంగా చేసిందో అని ఒకరు మెచ్చుకున్నారు కూడా.

రేకు కోయకూడదని, ముక్కుకు అడ్డం పెట్టుకోవాలని మీకు తెలుసు. ఇళ్ల మరమ్మతులు చేయించే పనిలో ఉన్న నాకు పదేపదే ఎదురయ్యే తప్పు మాత్రం ఆ చీపురే. రేకు దించేటప్పుడు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. దిగగానే గండం గడిచిందనుకుంటారు. నేల మీద పడిన పొడిని మామూలు దుమ్ముగా లెక్కగట్టి ఊడ్చేస్తారు. ఒక గది మూసేస్తే సరిపోయే చోట ఇల్లంతా ఖాళీ చేసి, పరుపులు, తివాచీలు, సోఫాలు పారేయాల్సి వచ్చిన కుటుంబాలను చూశాను. అడిగితే ప్రతిచోటా ఒకటే జవాబు: ఎవరో ఊడ్చారు.

ఊడిస్తే ఏమవుతుంది

ఆస్‌బెస్టాస్ అంటే రాతిలో దొరికే నార. రేకుల్లో దాన్ని సిమెంటుతో కలిపి ఉంచుతారు. ఒక పోగును చీలిస్తే సన్నని పోగులు, వాటిని చీలిస్తే ఇంకా సన్నవి వస్తూనే ఉంటాయి. ఊపిరితిత్తుల లోతుకు చేరే పోగు మందం 3 మైక్రాన్లలోపే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. కాబట్టి నేల మీద మీకు కనిపించేది సిమెంటు పొడి మాత్రమే, అందులోని నార కనిపించదు. చీపురు తగలగానే రెండూ లేస్తాయి. సిమెంటు రేణువులు బరువుకు కాసేపట్లో దిగిపోతాయి, నార గంటల తరబడి గాలిలోనే తిరుగుతుంది. గది అద్దంలా కనిపించే సమయానికే ఆ గదిలో గాలి పీల్చడానికి పనికిరాకుండా పోయి ఉంటుంది. వాసన ఉండదు. దగ్గు రాదు. కళ్లు మండవు. అందుకే ఎవరూ నమ్మరు.

లోపలికి పోయిన పోగును శరీరం కరిగించలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తెలుపు, గోధుమ, నీలం అనే తేడా లేకుండా అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ మనుషులకు కచ్చితంగా క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్, ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్ దీని వల్ల వస్తాయి. మెసోథీలియోమా బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఇంట్లో లేచిన దుమ్ముతో ఏమవుతుందిలే అనేవాళ్లు 1965లో లండన్‌లో వెలువడిన మెసోథీలియోమా అధ్యయనం గురించి తెలుసుకోవాలి. రోగుల్లో కొందరు ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీలో ఏనాడూ పనిచేయలేదు. భర్త పని బట్టలు ఇంట్లో ఉతికిన భార్యలు వాళ్లలో ఉన్నారు. అంతకు ఐదేళ్ల ముందు, 1960లో, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన నివేదికలో కూడా గనిలో పనిచేయకుండా గనుల పరిసరాల్లో బతికినవాళ్లకు ఈ జబ్బు వచ్చినట్టు తేలింది.

ఒక్కసారి ఊడ్చినంత మాత్రాన జబ్బు ఖాయమని నేను అనడం లేదు. ఎంత పీల్చారు, ఎన్నాళ్లు పీల్చారు అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. చిక్కంతా ఆ ఎన్నాళ్లు అన్నదగ్గరే ఉంది. ఊడ్చిన నార తివాచీలో, పరుపులో, కర్టెన్లలో, ఫ్యాను రెక్కల మీద దిగుతుంది. మర్నాడు మళ్లీ ఊడుస్తారు. ఆ మర్నాడు మళ్లీ.

ఎక్కడెక్కడ ఉంటుంది

పైకప్పు రేకు అందరికీ తెలిసిందే. తెలియనివి చాలా ఉన్నాయి: వేడినీటి గొట్టాల చుట్టూ చుట్టిన పూత, బాయిలర్ పొయ్యి తలుపుకు పెట్టిన తాడు, సీలింగు బోర్డులు, పాత ఫ్యూజు బోర్డు వెనక పలక, గరుకుగా వేసిన సీలింగు పూత, పాత వినైల్ నేల పలకలు, ఆ పలకల కింది నల్లటి జిగురు. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో, ఐరోపా సమాఖ్య 2005లో పూర్తిగా నిషేధించాయి. అయినా అక్కడి పాత ఇళ్లలో ఇంకా ఉంది. నిషేధం లేని దేశాల సంగతి వేరే చెప్పాలా.

అన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. సిమెంటు రేకులో నార సాధారణంగా 10 నుంచి 15 శాతం, అదీ సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. గొట్టాల పూతలో, వేడి ఆపే బోర్డుల్లో నార పాళ్లు చాలా ఎక్కువ, పట్టు తక్కువ. చేయి తగిలితేనే రాలుతుంది. రాలుతుందో లేదో చూద్దామని వేలితో నొక్కకండి.

కంటితో చూసి ఇది ఆస్‌బెస్టాస్ అవునో కాదో ఎవరూ చెప్పలేరు, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ అయినా సరే. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద చూడాలి. పరీక్ష జరిగేదాకా ఉందనే అనుకోండి.

పగలనిదాన్ని వదిలేయండి

గట్టిగా, పగుళ్లు లేకుండా ఉన్న రేకును దాని మానాన ఉండనివ్వడమే మంచిది. కావాలంటే పైన రంగు వేసి మూయవచ్చు. అయితే రంగు వేసే ముందు ఉప్పుకాగితంతో రుద్దడం, నాచు గీకడం మొదలుపెడితే ఆ రంగు వేయకపోవడమే నయం.

విరిగితే, రాలితే

ఇది చిన్న సిమెంటు రేకు ముక్క విరిగినప్పటి మాట. గొట్టాల పూత గానీ, సీలింగు బోర్డు గానీ, కప్పు మొత్తం గానీ అయితే తలుపు మూసి, ఆస్‌బెస్టాస్ తొలగింపులో శిక్షణ, అనుమతి ఉన్నవాళ్లను పిలవండి.

ముందుగా మనుషులను బయటికి పంపండి. ఫ్యాను, ఏసీ ఆపండి. స్ప్రే సీసాలో నీళ్లు పోసి గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేయండి. వట్టి నీళ్లు నార మీద నిలవకుండా జారిపోతాయి, సబ్బు కలిస్తే లోపలికి ఇంకుతాయి. సన్నని జల్లుగా కొట్టండి. ధారగా కొడితే పొడి చెదిరిపోతుంది. బాగా తడిశాక, మాస్కు, చేతితొడుగులు వేసుకుని, ముక్కలను చేత్తో ఏరి మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేయండి. మిగిలిన పొడిని తడిగుడ్డతో ఒకే వైపుకు తుడిచి, గుడ్డ మడిచి, కొత్త మడతతో మళ్లీ తుడవండి. గుడ్డను బకెట్‌లో పిండి తిరిగి వాడకండి. ఎండాక అదే గుడ్డ నారను గాలిలోకి విడుస్తుంది. గుడ్డ, చేతితొడుగులు, మాస్కు అన్నీ ఆ సంచిలోకే. దాని మీద ఇంకో సంచి. లోపలున్నది ఆస్‌బెస్టాస్ అని పైన పెద్ద అక్షరాలతో రాయండి.

తొలగించడానికి వచ్చినవాళ్లను పని మొదలుకాక ముందే ఒక ప్రశ్న అడగండి: అయిపోయాక ఎలా శుభ్రం చేస్తారు? ఊడ్చేస్తాం అంటే అక్కడి నుంచే పంపించేయండి. వాళ్ల దగ్గర ఎన్ని యంత్రాలున్నా, ఎంత తక్కువ అడిగినా సరే.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఊడ్వకండి. తడిపాక కూడా ఊడ్వకండి. గుడ్డతోనే తుడవండి.

ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ చీపురు కన్నా నయమనుకోకండి. దాని సంచి ఇంత సన్నని నారను ఆపదు, వెనకవైపు నుంచి గదిలోకే ఊదుతుంది. ఈ పనికి వేరే తరగతి యంత్రం ఉంది. అది లేకపోతే తడిగుడ్డే.

బట్టలు దులపకండి. దులపడమూ ఊడ్వడమే.

పని బట్టలతో ఇంట్లోకి రాకండి, వాషింగ్ మెషీన్‌లో వేయకండి. వాడి పారేసే దుస్తులు తొడుక్కోండి. తడిపి విప్పండి, సంచిలో వేయండి, వెంటనే తల స్నానం చేయండి.

గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు వద్దు. అతిసన్నని దుమ్మును ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 గానీ పీ100 గానీ రకం మాస్కు కావాలి. గడ్డం ఉంటే అదీ పనిచేయదు, అంచుల్లోంచి గాలి దూరుతుంది.

రేకు మీద కాలు పెట్టకండి. పాతబడిన సిమెంటు రేకు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. క్యాన్సర్ దశాబ్దాలు తీసుకుంటుంది, కప్పు మీది నుంచి పడటం అన్నాళ్లు ఆగదు.

రేకును ప్రెషర్ వాషర్‌తో కడగకండి.

డ్రిల్ వేయకండి. మేకు కొట్టకండి. దీపం తగిలించే కొక్కెం కోసమైనా సరే.

బోల్టు తుప్పు పట్టి రాకపోతే బోల్టును కత్తిరించండి. రేకును విరగ్గొట్టకండి.

పైనుంచి విసరకండి.

సంచిలో పట్టడం లేదని ముక్కలు చేయకండి. పెద్ద ప్లాస్టిక్ పట్టా తెచ్చి చుట్టండి.

కాల్చకండి. ఆస్‌బెస్టాస్ కాలదు. మంటలో రేకు పేలి ముక్కలు ఎగురుతాయి.

గుంతలు పూడ్చడానికి, దారి మీద పరచడానికి వాడకండి. బండి చక్రం కింద నలిగిన ప్రతి ముక్కా పొడి అవుతుంది.

ఇంకో షెడ్డుకు పనికొస్తాయని దాచకండి. ఎవరికీ దానం చేయకండి.

మామూలు చెత్తలో వేయకండి. ప్రమాదకర వ్యర్థాలను ఎక్కడ తీసుకుంటారో మీ పురపాలక కార్యాలయంలో ముందే కనుక్కోండి, సంచి చేతిలో పట్టుకున్నాక కాదు.

తుఫానులో విరిగిన రేకులను ఎండాక ఏరుదామని ఆగకండి. తడిగా ఉండగానే ఏరండి.

ఇప్పటికే ఊడ్చేశారా? మళ్లీ ఊడ్వకండి. ఆ గది మూసేయండి, నిపుణుల చేత శుభ్రం చేయించి గాలి పరీక్ష అయ్యాకే తెరవండి. మర్నాడే ఎక్స్‌రే తీయించుకోవడం దండగ, అందులో ఏమీ కనిపించదు. తేదీ, ఏ పదార్థం, ఎంతసేపు అన్నవి కాగితం మీద రాసి ఆరోగ్య రికార్డులతో పాటు ఉంచండి, డాక్టరుకు చెప్పండి. పొగతాగే అలవాటుంటే ఈరోజే మానండి. ఆస్‌బెస్టాస్, సిగరెట్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు విడివిడిగా ఉండే ముప్పులను కూడినదానికన్నా ఎక్కువ అవుతుంది.